దేశం చేతులెత్తేస్తే అప్పులవాళ్లను ఒక తాటిపైకి తెచ్చేదెలా?

ఆదోనిలో పత్తి వ్యాపారి ఐపీ పెడితే అప్పులవాళ్ల సంగతి కోర్టు చూస్తుంది. దేశం ఐపీ పెట్టడానికి కోర్టంటూ లేదు. అందరినీ కూర్చోబెట్టే పని అప్పుపడ్డ ప్రభుత్వమే చేసుకోవాలి.

ముందు లెక్క తేల్చండి: ఎవరికి, ఏ కరెన్సీలో, ఏ తాకట్టు మీద, ఎంత. ప్రభుత్వ సంస్థల అప్పులు, గ్యారంటీలు దాస్తే తర్వాత బయటపడి బేరమంతా చెడుతుంది. ఎంత భారం తగ్గాలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) తేల్చేది ఆ లెక్కమీదే. అప్పిచ్చిన ప్రభుత్వాలు సహకరిస్తామని హామీ ఇచ్చాకే మామూలుగా దాని బోర్డు రుణం మంజూరు చేస్తుంది. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో చెల్లింపులు ఆపితే, మంజూరు 2023 మార్చిలో వచ్చింది.

తర్వాత కమిటీలు: అప్పిచ్చిన ప్రభుత్వాలది ఒకటి, బాండ్లు (దేశం అమ్మిన అప్పుపత్రాలు) కొన్నవాళ్లది ఒకటి. శ్రీలంక విషయంలో ప్రభుత్వాల కమిటీకి భారత్, జపాన్, ఫ్రాన్స్ కలిసి అధ్యక్షత వహించాయి; చైనా ప్రభుత్వ బ్యాంకైన ఎగ్జిమ్ బ్యాంకు విడిగా మాట్లాడుకుంది.

అసలు చిక్కు సమాన భారం దగ్గరే. 2023లో జాంబియా బాండ్లవాళ్లతో కుదుర్చుకున్న బేరాన్ని, వాళ్లు వదులుకున్నది చాలదంటూ ప్రభుత్వాల కమిటీ తిప్పికొట్టింది. అందుకే సంతకాలకు ముందే ఇద్దరికీ ఒకే కొలత చూపించాలి: అసలులో కోత, వడ్డీ, గడువు, మూడూ కలిపి నేటి విలువలో, అంటే రేపు వచ్చే డబ్బు ఈరోజుకు ఎంతకు సమానమో లెక్కగట్టి.

బాండ్లు కొని, బేరానికి ఒప్పుకోకుండా మొండికేసే ఫండ్లకు మందు బాండు పత్రంలోనే ఉండాలి. 2014 నాటి నమూనా షరతు ప్రకారం, అందరికీ ఒకే ఆఫర్ ఇచ్చి, బాండ్లన్నీ కలిపి 75 శాతం ఒప్పుకుంటే మిగతావాళ్లూ కట్టుబడాలి. చాలా పాత బాండ్లలో సిరీస్‌కో (ఒక్కో విడతగా జారీ చేసినవాటికి విడివిడిగా) ఓటు. చిన్న సిరీస్‌లో 25 శాతానికి మించి కొనేసి అడ్డుపడటం తేలిక. అలాంటివి ఎన్నున్నాయో మొదట్లోనే జాబితా వేసుకోండి.