గ్యాస్ మాత్ర అడిగే ముందు

కడుపులో మంటగా ఉందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జబ్బు పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. "గేసు బాబూ, మాత్రొకటి ఇయ్యి." పలాసలో మందుల షాపు నడుపుతున్న నేను మాత్ర తీసే ముందు రెండు సంగతులు అడుగుతాను. మంట ఎప్పుడొస్తోంది? ఒళ్లు నొప్పులకి ఏం వాడుతున్నారు?

మొదటిది మీరు ఇంట్లోనే గమనించుకోవచ్చు. ఆకలి వేళో అర్ధరాత్రి దాటాకో నొప్పి లేచి, రెండు ముద్దలు తింటే తగ్గుతోందంటే చిన్నపేగు మొదట్లో పుండు ఉండొచ్చు. తిన్న కాసేపటికే ఎక్కువవుతుంటే పుండు జీర్ణాశయంలోనే ఉందేమో. నూనె వంట తిన్నాక కుడి డొక్క పైన పట్టేసి వీపులోకి పాకితే పిత్తాశయంలో రాళ్లేమో, స్కానింగ్ తీయించాలి. పడుకోగానే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతుంటే రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటలు ఎడం ఉంచండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. తరవాణి (పులిసిన గంజి) పడకపోతే కొన్నాళ్లు మానండి.

రెండో సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. జీడితోటల్లో పనిచేసి నడుము పట్టేసినవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగుతుంటారు. కడుపు లోపలి పొరని కాపాడే పదార్థాలు తయారవకుండా ఆ మాత్రలు అడ్డుపడతాయి. అప్పుడు ఆమ్లం పొరనే తినేస్తుంది. కిడ్నీలకీ అవి మంచివి కావు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్లు కుంగిపోయాక కూడా డాక్టరు చీటీ లేకుండా ఇవి అడుగుతుంటే నాకు భయమేస్తుంది. ఆ జబ్బుకి ఈ మాత్రలే కారణమని అనడం లేదు. ఉన్న కిడ్నీల మీద ఇంకో దెబ్బ ఎందుకు? గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టరుకి చెప్పండి.

పుళ్లకి ఇంకో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. కారం, టెన్షన్ వల్లే పుండు పడుతుందని ఇది బయటపడకముందు డాక్టర్లూ నమ్మేవారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు 1982లో ఈ బాక్టీరియాని కనిపెట్టారు, 2005లో నోబెల్ అందుకున్నారు. మలపరీక్షతోనో, ఊపిరి పరీక్షతోనో, ఎండోస్కోపీలో (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూడటం) తీసిన చిన్న ముక్కతోనో ఇది బయటపడుతుంది. పరీక్షకి ముందు 2 వారాల్లోపు పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మాత్రలు, 4 వారాల్లోపు యాంటీబయాటిక్స్ వాడి ఉంటే క్రిమి ఉన్నా లేనట్టు చూపించొచ్చు. అందుకే ఏం వాడుతున్నారో డాక్టరుకి ముందే చెప్పండి. ఈ క్రిమిని చంపే మందుల కోర్సు మామూలుగా 14 రోజులు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకి లొంగకపోవచ్చు. పాంటోప్రజోల్ తిండికి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే సరిగా పనిచెయ్యదు.

ఎండోస్కోపీకి భయపడకండి. ముందురాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్తే గొంతులో మత్తుమందు స్ప్రే కొట్టి, మామూలుగా పది నిమిషాల్లో చూసేస్తారు.

రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా జిగటగా వచ్చినా, ముద్ద మింగుడు పడకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా మందుల షాపుకి రావొద్దు, పెద్దాసుపత్రికే వెళ్లండి. ఐరన్ మాత్రలకీ విరేచనం నల్లబడుతుంది గానీ అంత జిగట, కంపు ఉండవు. ఛాతీలో మంటతో పాటు చెమటలు పోసి, ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే అది గుండెపోటు కావొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఆ లాగడం కూడా తెలియకపోవచ్చు. గ్యాస్ మాత్ర వేసి చూద్దామని ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.