బరువు తగ్గించే ఆపరేషన్‌కు వెళ్తున్నారా? ముందు మీ షుగర్ మాత్రల సంగతి చూసుకోండి

ఆపరేషన్ అనగానే ఇంట్లో అందరి టెన్షన్ కుట్ల మీద, ఖర్చు మీదే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు అంతకంటే ముందు రోజూ వేసుకునే మాత్రల గురించి ఆలోచించాలి. బరువు తగ్గడానికి నెలలు పడుతుంది గానీ, షుగర్ చాలామందిలో రోజుల్లోనే దిగిపోతుంది. తిండి తగ్గడం ఒక కారణం. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో (కడుపును చిన్న సంచిలా చేసి పేగు కింది భాగానికి కలిపే ఆపరేషన్) అయితే తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా కిందికి చేరుతుంది, పేగులో తయారయ్యే జీఎల్‌పీ-1 హార్మోన్ ఎక్కువగా ఊరి ఇన్సులిన్‌ను పెంచుతుంది. అప్పుడూ పాత చీటీ ప్రకారమే మందులు వేసుకుంటే షుగర్ ఉండాల్సిన దానికంటే కిందికి పడిపోతుంది.

అసలు ముప్పు ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. కాలేయం సైజు తగ్గాలని చాలాచోట్ల రెండు వారాలు ద్రవాహారం మీద ఉంచుతారు. అన్నం మానేసి గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రో, ఇన్సులినో పాత డోసులోనే తీసుకుంటే చెమటలు, చేతుల వణుకు తప్పవు. డైట్ చార్ట్ చేతికొచ్చిన రోజే షుగర్ డాక్టర్‌ను కలిసి కొత్త డోసు రాయించుకోండి. చార్ట్ ఒకరిస్తారు, మందులు ఇంకొకరు రాస్తారు, ఇద్దరికీ మధ్య మాట ఉండదు. సొంతంగా ఇన్సులిన్ మొత్తం ఆపేయడం కూడా ప్రమాదమే.

మూత్రంలోంచి షుగర్‌ను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల్ని ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపాలి. ద్రవాహారంతో పాటే ఆపాలా అన్నది డాక్టర్‌నే అడగండి. ఇవి వేసుకుంటూ తిండి మానేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్లాలు) పేరుకుంటాయి. గ్లూకోమీటర్ మరీ ఎక్కువ కాని 170 చూపిస్తున్నా వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కాంబినేషన్ మాత్రల్లో ఈ మందు ఉన్నట్టు పేరు చూస్తే తెలియదు. అందుకే స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి చూపించండి.

రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష కూడా ముందే చేయించాలి. చాలాకాలంగా ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే, కంటిలో ఇప్పటికే ఉన్న దెబ్బ కొందరిలో ముదురుతుంది.

ఇంటికొచ్చాక పండగ అరిసెల దగ్గర జాగ్రత్త. బైపాస్ అయినవాళ్లలో తీపి తిన్న వెంటనే గుండెదడ, విరేచనాలు రావచ్చు. నెలలు గడిచాక కొందరికి భోజనమైన గంట నుంచి మూడు గంటల్లోపు షుగర్ పడిపోతుంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి. వాంతులు ఆగకపోతే బి1 లోపించి నరాలు దెబ్బతింటాయి, కాబట్టి రోజుల తరబడి ఓర్చుకోవద్దు. బైపాస్ అయినవాళ్లు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రల జోలికి పోవద్దు, అల్సర్ వస్తుంది.

షుగర్ పూర్తిగా పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. స్వీడన్‌లో జరిగిన దీర్ఘకాల అధ్యయనంలో 2 ఏళ్ల తర్వాత 72 శాతం మందిలో షుగర్ అదుపులోకి వచ్చి మందులు మానగలిగారు, 15 ఏళ్లకు ఆ సంఖ్య 30 శాతానికి దిగింది. షుగర్ వచ్చి ఎన్నో ఏళ్లయినవాళ్లకు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఇంకా తక్కువ. మాత్రలు ఆగినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కళ్లు, కిడ్నీ పరీక్షలు ఏటా చేయించాల్సిందే.