పెద్ద మానిటర్ ఒకటా, చిన్నవి రెండా? ముందు టేబుల్ కొలవండి

మానిటర్ కొనేవాళ్లు ముందు ధర చూస్తారు, ఆ తర్వాత అంగుళాలు చూస్తారు. టేబుల్ సంగతి అట్టపెట్టె ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. కాబట్టి టేపు పట్టుకుని అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

అంగుళాల లెక్క మూల నుంచి మూలకు. టేబుల్ మీద చోటు తినేది మాత్రం వెడల్పు. 24 అంగుళాల తెర వెడల్పు 53 సెం.మీ., ఎత్తు 30. 27 అంగుళాలదైతే 60, 34. 32 అంగుళాలదైతే 71, 40. అల్ట్రావైడ్ అని అమ్మే 34 అంగుళాలది 80 సెం.మీ. వెడల్పు ఉంటుంది, ఎత్తు మాత్రం 27 అంగుళాల దానంతే. 24 అంగుళాలవి రెండు పక్కపక్కన పెడితే అంచులతో కలిపి 108 సెం.మీ. దాకా వస్తుంది. మూడడుగుల టేబుల్ 91 సెం.మీ.యే కాబట్టి దాని మీద పట్టవు, నాలుగడుగులది కావాలి. 27 అంగుళాలవి రెండైతే ఆ నాలుగడుగులూ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోతాయి.

వెడల్పు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది లోతు, అంటే మీ వైపు అంచు నుంచి గోడ దాకా ఉన్న దూరం. చాలా స్టడీ టేబుళ్లకు ఇది 45 సెం.మీ.కు మించదు. స్టాండు అందులో దాదాపు 20 సెం.మీ. తీసుకుంటుంది. కంటికీ తెరకీ మధ్య 24 అంగుళాలకు 50 నుంచి 60, 27కు 60 నుంచి 70, 32కు 70 నుంచి 80 సెం.మీ. ఉంటే హాయిగా ఉంటుంది. లోతు తక్కువున్న టేబుల్ మీద 32 పెడితే మూలల్లో ఏముందో చూడ్డానికి తల తిప్పుతూనే ఉండాలి. అలాంటి టేబుల్‌కు 24వి రెండు, లేదా 27 ఒకటి, అంతే.

నమ్మకం కుదరకపోతే పాత న్యూస్‌పేపర్‌ను పై కొలతలకు కత్తిరించి గోడకు అంటించి, కుర్చీలో కూర్చుని ఓ పది నిమిషాలు చూడండి. షోరూములో నిలబడి చూసే అంచనా కన్నా ఇదే నయం.

పని ఒకటా, రెండా?

టేబుల్ సరిపోయిందనుకుంటే అసలు ప్రశ్న ఇది: మీరు చేసేది వెడల్పుగా పరుచుకునే ఒకే పనా, లేక ఒకదాన్ని చూస్తూ ఇంకొకటి చేసే పనా?

ఎక్సెల్‌నే తీసుకోండి. అందులో మామూలు కాలమ్ వెడల్పు 64 పిక్సెళ్లు. 1920 పిక్సెళ్ల ఫుల్ హెచ్‌డీ తెరలో దాదాపు 29 కాలమ్‌లు కనబడతాయి, 2560 ఉన్న క్వాడ్ హెచ్‌డీలో 39, 3440 ఉన్న అల్ట్రావైడ్‌లో 53. పెద్ద షీట్లు, వీడియో ఎడిటింగ్ టైమ్‌లైన్, ఇంజినీరింగ్ డ్రాయింగులు ఇలాంటి పనులు. వీటిని రెండు తెరల మీదికి లాగితే మధ్యలో అంచు అడ్డొస్తుంది. ఒకే పెద్ద తెర తీసుకోండి. అల్ట్రావైడ్ అయితే కాస్త వంపు ఉన్నది చూడండి. సమతలంగా ఉంటే రెండు చివర్లూ కంటికి దూరమవుతాయి.

పీడీఎఫ్ బిల్లు చూస్తూ ట్యాలీలో ఎంట్రీలు వేసేవాళ్లు, ఒక పక్క కాల్ నడుస్తుంటే ఇంకో పక్క నోట్స్ రాసుకునేవాళ్లు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు రెండు తెరల వాళ్లు. స్క్రీన్ షేర్ చేసే పని రోజూ ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. అల్ట్రావైడ్ తెరను మొత్తంగా షేర్ చేస్తే అవతలివాళ్ల ల్యాప్‌టాప్‌లో అది సన్నని పట్టీలా కుంచించుకుపోయి అక్షరాలు చదవడానికి రావు. తెర మొత్తం కాకుండా ఒక్క విండోనే షేర్ చేయొచ్చు నిజమే, కానీ మాట్లాడుతూ విండోలు మార్చేవాళ్లకు అది ప్రతిసారీ తలనొప్పి. రెండుంటే ఒకటి వాళ్లకు, ఒకటి మీకు.

ఎక్కువగా చదవడం, కోడ్ రాయడం అయితే రెండో దాన్ని నిలువుగా తిప్పుకోవచ్చు. అందుకు స్టాండు తిరిగేదై ఉండాలి, ప్యానెల్ (బొమ్మ చూపించే పలక) ఐపీఎస్ అనే రకమై ఉండాలి, అందులో పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. టీఎన్ అనే ఇంకో రకం ప్యానెల్‌ను నిలువుగా పెడితే ఒక పక్క రంగులు వెలిసినట్టు కనబడతాయి. నిజానికి 24 అంగుళాల తెర అడ్డంగా ఉన్నా ఏ4 పేజీ నిలువునా దాదాపు అసలు సైజులో పడుతుంది, పేజీ ఎత్తు 29.7 సెం.మీ. కదా. డీటీపీ, ప్రూఫ్ పనివాళ్లకు ఆ సైజు అచ్చొచ్చినట్టుంటుంది.

పిక్సెళ్ల దగ్గర జరిగే మోసం

మోసం అంటే కంపెనీది కాదు, మన లెక్కదే. 4కేలో ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి నాలుగు తెరల పని ఒక్కదానిలో అయిపోతుందనుకుంటాం. 32 అంగుళాల 4కే తెరలో స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు పెంచే సెట్టింగ్) 100 శాతం పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి. 150 శాతానికి పెంచాల్సి వస్తుంది. అప్పుడు పని చేసుకోవడానికి మిగిలే జాగా 2560 × 1440, అంటే క్వాడ్ హెచ్‌డీ మానిటర్ ఇచ్చేదే. మీరు ఎక్కువ డబ్బు పెట్టింది అక్షరాల నునుపుకు, జాగాకు కాదు.

ఆ నునుపు తెలుగు చదివేవాళ్లకు బాగానే పనికొస్తుంది. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 82 పిక్సెళ్లే ఉంటాయి. ఇంగ్లిష్ ఎలాగో నెట్టుకొస్తుంది కానీ మన వత్తులూ గుడిదీర్ఘాలూ గరుకుగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనబడతాయి. అందుకే ఫుల్ హెచ్‌డీ అయితే 24 దగ్గర ఆగండి. 27కు వెళ్తే క్వాడ్ హెచ్‌డీ, అంటే అంగుళానికి 109.

పోర్టులు, కేబుళ్లు

రెండు మానిటర్లు కొని, కంప్యూటర్‌కు ఒకటే హెచ్‌డీఎంఐ ఉందని స్ప్లిటర్ తెచ్చుకోవడం తరచూ జరిగే పొరపాటు. స్ప్లిటర్ రెండింటి మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది, తెరను విస్తరించదు. ల్యాప్‌టాప్‌లో టైప్ సి పోర్టు ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని కూడా లేదు. కొన్నింటిలో అది ఛార్జింగుకూ డేటాకూ మాత్రమే. మోడల్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్ సి నుంచి బొమ్మ పంపే సదుపాయం) ఉందేమో చూడండి. యాపిల్ ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే తీసుకుంటాయి. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు నడుపుతుంది, ఎం4 తెరిచి ఉన్నా నడుపుతుంది.

4కే పెట్టాక మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంటే రిఫ్రెష్ రేటు, అంటే తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క, 30కి పడిపోయి ఉంటుంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేను 30 హెర్ట్జ్ వద్దే ఇస్తుంది, 60కి 2.0 కావాలి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో చూస్తే తెలుస్తుంది. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే పెట్టండి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు.

అమర్చేటప్పుడు

రెండూ ఒకే మోడల్, ఒకేసారి కొనండి. లేకపోతే ఒకటి పసుపు, ఒకటి నీలం ఛాయలో ఉండి రోజంతా కంటికి గుచ్చుకుంటాయి. ఎక్కువసేపు చూసేదాన్ని ముక్కుకు సూటిగా, రెండోదాన్ని పక్కన మీ వైపు కొంచెం తిప్పి పెట్టండి. రెండింటి అతుకు ముఖానికి ఎదురుగా వస్తే మెడ ఎప్పుడూ ఒక పక్కకే ఉంటుంది. సాయంత్రానికి నొప్పి ఖాయం. తెర పైఅంచు కంటి ఎత్తుకు సమంగానో కాస్త కిందికో ఉండాలి. విండోస్ కీతో పాటు పి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 పెట్టెలను టేబుల్ మీద ఉన్న క్రమంలోకే లాగండి, లేకపోతే మౌస్ కుడికి తోస్తే గోడకు తగిలినట్టు ఆగిపోతుంది.

చేతిలా మడిచి జరుపుకునే స్టాండు (మానిటర్ ఆర్మ్) కొంటే మానిటర్ వెనక దాన్ని బిగించే వేసా రంధ్రాలు 75 లేదా 100 మి.మీ. ఎడంతో ఉన్నాయో లేదో, స్టాండు మోసే బరువెంతో చూసుకోండి. గాజు పలక టేబుల్‌కు క్లాంపు బిగించొద్దు, పగులుతుంది. మడిచినప్పుడు ఆ స్టాండు మోచేయి వెనక్కి పొడుచుకొస్తుంది కాబట్టి గోడకు ఆనించిన టేబుల్‌ను కాస్త ముందుకు జరపాలి.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు మా సలహా వేరు. 27 అంగుళాల క్వాడ్ హెచ్‌డీ ఒకటి కొని, ల్యాప్‌టాప్‌ను కాస్త ఎత్తు మీద పక్కన పెట్టండి. రెండో తెర మీ దగ్గర ఇప్పటికే ఉంది.

డెస్క్‌టాప్ వాడుతూ కరెంటు కోతలుండే ఊళ్లో ఉంటే రెండు తెరలకు ఒక లాభం. యూపీఎస్‌కు ప్రధాన మానిటర్ ఒక్కటే తగిలించి, రెండోదాన్ని మామూలు ప్లగ్గుకు పెడితే బ్యాకప్ ఇంకాసేపు వస్తుంది. అయితే కొన్ని మానిటర్లు ఆరిపోయినా కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, విండోలు ఆ చీకటి తెరలోనే ఉండిపోతాయి. ఆల్ట్, ట్యాబ్‌తో ఆ విండోను ఎంచుకుని, విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని కుడి లేదా ఎడమ బాణం నొక్కండి, వెలిగే తెర మీదికి వచ్చేస్తుంది.