ధాన్యం అమ్మే ముందు వేసుకోవాల్సిన లెక్క: ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు చిన్న రైతులకి

ధాన్యం కొనే బేరగాడు కళ్ళంలోకి వచ్చాక లెక్క మొదలుపెడితే ఆలస్యమైనట్టే. పంట చేలో ఉండగానే మీ క్వింటా ఎంతకి పడిందో కట్టుకోండి. దమ్ము, విత్తనం, ఎరువు, మందు, ఊడ్పు కూలి, కోత కూలి, నూర్పు మిషను, బండి బాడుగ అన్నీ రాయండి. ఇంట్లోవాళ్ల పనిని కూడా ఊరి కూలి రేటుకే కట్టాలి. అది వదిలేస్తే నష్టం కూడా లాభంలాగే కనిపిస్తుంది.

ఉదాహరణకి ఎకరాకి చేతి ఖర్చు 22,000, ఇంటి కష్టం 9,000 అనుకుందాం. 18 క్వింటాళ్లు పండితే క్వింటా 1,722కి పడుతుంది. అదే ఖర్చుకి 14 క్వింటాళ్లే వస్తే 2,214. రేటు పెరగాలని చూసేవాళ్లం దిగుబడి మీద ఈ తేడా కూడా చూడాలి.

ఇక తేమ. మండీలో, అంటే ప్రభుత్వం ధాన్యం కొనే చోట, 17 శాతం దాటితే వెనక్కి పంపుతారు, లేదా తూకంలో కోస్తారు. 22 శాతం తేమ ఉన్న 100 కిలోలు 17కి ఆరితే 94 కిలోలవుతాయి. 2024-25 ఖరీఫ్‌లో క్వింటాకి సాధారణ రకం మద్దతు ధర 2,300, ఒడిశా ప్రభుత్వ ఇన్‌పుట్ సాయం 800, మొత్తం 3,100 ఉండేది. ఆ లెక్కన 94 కిలోలకి 2,914. ఆరబెట్టడానికి, బస్తాలకి, బాడుగకి 150 తీసినా 2,760 పైన మిగులుతుంది. ఈ ఏడాది ధరతో ఇదే లెక్క వేసుకుని, పచ్చి ధాన్యానికి బేరగాడు అంతకన్నా తక్కువ చెబితే ఇవ్వకండి. అలాగని 14 దాకా ఎండబెట్టొద్దు: క్వింటాకి మరో మూడు కిలోలు గాలికి పోతాయి. ఒకటిన్నర అంగుళాల మందం మించకుండా పరచి, గంటకోసారి తిరగేసి, మంచు పడకముందే కుప్ప చేసి టార్పాలిన్ కప్పండి.

తాలు, గడ్డి 1 శాతం, మట్టి, రాళ్లు 1 శాతం, పాలు నిండని గింజ 3 శాతం మించకూడదు. కాబట్టి మండీకి ముందు ఇంకోసారి తూర్పారబట్టండి. ఆ 3,100 లెక్కన క్వింటాకి 5 కిలోలు కోస్తే 155 రూపాయలు పోయినట్టు. 20 క్వింటాళ్ల మీద అది ఒక క్వింటా ధర. తేమ మీటరు రీడింగు, ఖాళీ సంచి బరువు మీ ఎదుటే చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ప్యాక్స్‌లోగానీ (ఊరి సహకార పరపతి సంఘం) లాంప్స్‌లోగానీ (గిరిజన ప్రాంతాల సహకార సంఘం) ధాన్యం అమ్మకానికి నమోదు ముందే చూసుకోవాలి. ఒడియా భూమి రికార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో, బ్యాంకులో మరోలా ఉంటే డబ్బు ఆగిపోతుంది; మన తెలుగు పేర్లకి ఇది తరచూ జరుగుతుంది. కౌలుకి చేసేవాళ్లు భూమి యజమాని అంగీకారం తీసుకుని ఉంచుకోవాలి. శ్రీకాకుళం వైపు భూమిలో పండింది ఈ నమోదు మీద అమ్మడానికి చెల్లదు. ధాన్యం తెమ్మని ఇచ్చిన టోకెన్ తేదీ దాటనివ్వకండి.

అన్నిటికన్నా ఎక్కువ కోసేది ఆషాఢంలో బేరగాడి దగ్గర తెచ్చిన అడ్వాన్సు. 5,000 తీసుకుని, ఐదు నెలల తరవాత 5 క్వింటాళ్లు, క్వింటాకి రేటు కన్నా 300 తక్కువకి ఇస్తే 1,500 పోయినట్టు. అంటే నెలకి నూటికి ఆరు రూపాయల వడ్డీ. బేరగాడు వడ్డీ అనడు, ధర తక్కువనే అంటాడు. అందుకే ఆ 5,000 సొసైటీ పంట రుణంలోనో, స్వయం సహాయక సంఘంలోనో తీసుకోగలరేమో ఊడ్పులకి ముందే కనుక్కోండి.