పార్లమెంట్ల ఆర్థిక మంత్రి టాక్స్, పెన్షన్ మీద జవాబు చెప్తుంటే ఎట్ల వినాలె

కేంద్ర బడ్జెట్ పెట్టే ఫిబ్రవరి 1 నాడు నల్గొండ గడియారం సెంటర్ కాడ ఏ చాయ్ హోటల్ల చూసినా టీవీ ముంగట జనమే, "పన్నెండు లక్షల దాక టాక్స్ లేదంట" అని ఆ ఒక్క ముక్క పట్టుకొని ఇంటికి పోతరు. నన్నడిగితే ఆ రోజు ప్రసంగం వినకున్నా ఏం గాదు, అది రాసుకొచ్చి చదివేది. వినాల్సింది కొన్ని రోజులైనంక, ఎంపీలందరు తిట్టేది తిట్టి మెచ్చుకునేది మెచ్చుకున్నంక మంత్రి లేచి జవాబు చెప్తరు చూడుండ్రి, అది. లోక్‌సభల ఒకసారి, రాజ్యసభల ఒకసారి, మళ్ల మార్చిల ఫైనాన్స్ బిల్లు మీద ఇంకోసారి. టాక్స్ మార్పులు చట్టమయ్యేది ఆ బిల్లుతోనే, కాబట్టి టైమ్ లేనోళ్లు మార్చి జవాబు ఒక్కటి విన్నా చాలు. సంసద్ టీవీ వాళ్లు యూట్యూబ్‌ల పెడతరు, ఆపుకుంట ఆపుకుంట వినొచ్చు.

వినేముందు ఒక కాయితం తీస్కొని మీ ఇంట్ల ఎవరికి ఏ పెన్షనో రాయుండ్రి. నవ్వకుండ్రి, ఇదే అసలు పని. మా ఇంట్లనే నాలుగు రకాలున్నయి. మా నాయిన రిటైర్డ్ హెడ్ మాస్టర్, పాత పెన్షన్, ట్రెజరీ నుంచి వస్తది. నేను టీచర్నే గాని 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినోన్ని, సీపీఎస్, అంటే నెలనెలా జీతంల కోసి జమ చేసే పెన్షన్. బావ చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీల చేస్తడు, ఆయనది పీఎఫ్ పెన్షన్. పానగల్లుల ఉండే మేనత్తది చేయూత పింఛను, 2016 రూపాయలు. మంత్రి "పెన్షన్" అన్నప్పుడల్లా ఈ నలుగుట్ల ఎవరి గురించి అంటున్నరో పక్కన టిక్ పెట్టుకోవాలె.

ఇది నాకు ఎట్ల తెలిసిందంటే, 2025 మార్చిల ఫైనాన్స్ బిల్లుల పెన్షన్ రూల్స్ గురించి ఒక భాగం పెట్టిండ్రు. వాట్సాప్‌ల "పాత పెన్షనర్లకు ఇగ పెంపు ఉండదు" అని మెసేజ్ వస్తే నేను చదవకుండనే మా నాయినకు ఫార్వర్డ్ కొట్టిన. ఆయన రెండు రాత్రులు నిద్రపోలే, పొద్దున లేస్తే "నా పెన్షన్ కట్ చేస్తరారా" అని అదే మాట. మార్చి 27న రాజ్యసభల నిర్మలా సీతారామన్ గారు జవాబు చెప్పిండ్రు, ఇది ఉన్న రూల్స్‌కి చట్టబలం ఇచ్చుడే, ఇప్పుడొచ్చే పెన్షన్లల్ల మార్పు లేదు, పాత, కొత్త పెన్షనర్ల నడుమ ఏడో పే కమిషన్ ఇచ్చిన సమానత్వం అట్లనే ఉంటది అని. అది విన్నంక బిల్లు తెరిచి చూస్తే ఏముంది, అది కేంద్రం సివిల్ పెన్షనర్లది! మా నాయినది రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్. సంబంధమే లేదు, ఉత్తగనే నిద్ర చెడగొట్టిన. కేంద్రం నౌకరీల రిటైర్ అయినోళ్లయితే మాత్రం ఆ జవాబు రెండుసార్లు వినాలె, "ఉన్నదాంట్ల మార్పు లేదు" అన్నది ఇయ్యాల్టి మాట, వచ్చే పే కమిషన్‌కి హామీ ఇచ్చినట్టు కాదు.

సీపీఎస్ వాళ్లు యూపీఎస్, అంటే కేంద్రం తెచ్చిన కొత్త పెన్షన్ పద్ధతి, అన్న మాట రాంగనే సంబురపడకుండ్రి. 25 ఏండ్ల సర్వీసుంటే చివరి 12 నెలల బేసిక్ సగటుల సగం, పదేండ్లుంటే కనీసం 10,000, బాగనే ఉంది గాని 2025 ఏప్రిల్ 1 నుంచి అమలైంది కేంద్ర ఉద్యోగులకు. మనకు రావాల్నంటే రాష్ట్రం ఒప్పుకోవాలె. పాత పెన్షన్ అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే తీరు, ఎన్‌పీఎస్‌ల (మా సీపీఎస్ పైసలు పోయే కేంద్రం పద్ధతి) జమైన పైసలు రాష్ట్రాలకు వాపస్ ఇయ్యడానికి చట్టంల దారి లేదు అని. "ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు" అంటే ఇయ్యం అని అర్థం చేసుకోండ్రి, గంతే.

పెన్షన్లు పెద్ద భారం అని మంత్రి అన్నప్పుడు బడ్జెట్ కాయితాలల్ల రూపాయి ఎటు పోతది అని ఒక గుండ్రటి బొమ్మ ఉంటది, అది పక్కన పెట్టుకోండ్రి. 2025-26ల రూపాయిల పెన్షన్లకు 4 పైసలు, వడ్డీలకు 20 పైసలు. ఇంక పెంచినం అన్న ప్రతి అంకె పక్కన అది బడ్జెట్ అంచనానా, సవరించిన అంచనానా, నిజంగ ఖర్చయిందా అని చూడాలె, పోయినేడు అంచనా పక్కన ఈయేడు అంచనా పెట్టి చెప్తే ఎవరికైనా పెరిగినట్టే కనవడ్తది.

టాక్స్ కాడ కూడా గిట్లనే. కొత్త పద్ధతిల జీతమోళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకొని 12.75 లక్షల దాక సున్నా, నిజమే. మా స్కూల్ల ఒక సారు జీతం 13 లక్షలు. డిడక్షన్ పోతే 12.25 లక్షలు, స్లాబుల ప్రకారం 63,750 కట్టాలె, కాని 12 లక్షల మీద ఎంత ఎక్కువుందో అంతకంటే ఎక్కువ తీస్కోవద్దని రూలుంది కాబట్టి 25,000. దాని మీద 4 శాతం సెస్, 1,000. మొత్తం 26,000. ఇప్పుడు ఆ వెయ్యిని చూడుండ్రి, సెస్, సర్‌చార్జీ రాష్ట్రాలకు పంచే కుప్పల వడవు. 41 శాతం రాష్ట్రాలకే ఇస్తున్నం అని సభల అంటే ఆ 41 ఏ కుప్పల నుంచి అని చూడాలె. మా సారు వెయ్యి అండ్ల లేదు. ఇంకోటి, షేర్లు అమ్మి లాభమొస్తే దాని స్పెషల్ రేటు టాక్స్‌కి ఈ 12 లక్షల రిబేట్ (టాక్స్ మాఫీ) పని చెయ్యది, చానామంది దీంట్లనే దెబ్బ తింటరు.

మా అత్త పింఛనుల కేంద్రం వాటా, 79 ఏండ్ల దాక నెలకు 200, అదీ కేంద్రం లిస్టుల ఉన్నోళ్లకే, మిగతాది రాష్ట్రం. ఆ 200 ఎప్పుడు పెంచుతరని ఎవరన్న అడిగిండ్రా, మంత్రి దాన్ని ముట్టిండ్రా అని వినుండ్రి. నేనైతే విన్నన్నిసార్లు ఆ టిక్ ఖాళీనే.

బావది కూడా దాదాపు ఖాళీనే. ఆయన 2015ల చేరిండు, 18 ఏండ్ల సర్వీసు అయినంక రిటైర్ అయితడు, పెన్షన్ లెక్కకు జీతం ఎంతున్నా 15,000కే ఆపుతరు, దాన్ని 18తోటి గుణించి 70తోటి భాగిస్తే నెలకు 3,857. పీఎఫ్ పెన్షన్ కనీసం 1,000 అని 2014ల పెట్టిండ్రు, అప్పటిసంది పెంచమని అడుగుతనే ఉన్నరు. జవాబుల మీ టిక్ ఖాళీగ ఉంటే మీ ఎంపీకి ప్రశ్న రాసియ్యుండ్రి, నల్గొండ, భువనగిరి, పాలమూరు, నాగర్‌కర్నూల్ ఎవరిదైనా సరే. బావది పీఎఫ్ కాబట్టి ప్రశ్న కార్మిక శాఖకు పోతది, టాక్స్‌దయితే ఆర్థిక శాఖకు, తప్పు శాఖకు రాస్తే తిరిగి తిరిగి సెషన్ అయిపోతది. లోక్‌సభల కనీసం 15 రోజుల ముందు నోటీస్ ఇయ్యాలె. పెద్ద ఉపన్యాసం రాయకుండ్రి. మేం గిట్ల రాసినం: "పీఎఫ్ పెన్షన్ లెక్కకు 15,000 పరిమితిని పెంచే ప్రతిపాదన ఉన్నదా, ఉంటే ఎప్పటి లోపల, లేకుంటే కారణమేంది?" లిఖిత జవాబు చాలు అని కింద రాసి, బావతోటి సంతకం పెట్టించి ఎంపీ క్యాంపాఫీసుల ఇచ్చి, కాపీ మీద స్టాంపు ఏయించుకొని వచ్చినం.