పాత ప్రెషర్ గేజ్, బారోమీటర్ ఏ కాలానివో కనిపెట్టడం ఎలా?

పాత ఇత్తడి గేజ్ ఒకటి చేతిలోకి తీసుకోగానే అమ్మేవాళ్ల నోట వచ్చే మొదటి మాట "నూరేళ్ల నాటిదండీ" అని. కావచ్చు, కాకపోవచ్చు. ఈ వస్తువులతో ఉన్న సుఖం ఏమిటంటే, వాటి జాతకం చాలావరకు మొహం మీదే రాసి ఉంటుంది. "ఇది ఎంత పాతది?" అని అడిగితే జవాబు దొరకదు. "ఇది ఏ సంవత్సరానికి ముందు తయారై ఉండటానికి వీల్లేదు?" అని అడగండి. పని సగం అయిపోతుంది.

ముందు అది ఏ రకమో తేల్చుకోండి

పొడవాటి గాజు గొట్టంలో పాదరసం ఉంటే అది, గాలి ఒత్తిడిని కొలిచే పాదరసపు బారోమీటర్. 1640లలో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి చేసిన ప్రయోగం నుంచి పుట్టిన జాతి ఇది. గుండ్రటి డబ్బాలో ముల్లు తిరుగుతూ, ద్రవం ఏమీ లేకపోతే అది అనెరాయిడ్ అనే రకం బారోమీటర్. లోపల గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బీ ఉంటుంది, బయటి గాలి ఒత్తిడికి అది కుంగుతూ పొంగుతూ ఉంటుంది. ఫ్రాన్స్‌లో లూసియాన్ విడీ దీనికి 1844లో పేటెంట్ తీసుకున్నాడు. కాబట్టి 1820 నాటి అనెరాయిడ్ అని ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి.

అడుగున మరలు కోసిన పైపు ఉంటే అది ప్రెషర్ గేజ్. బాయిలర్లకూ రైలింజన్లకూ బిగించేవి ఇవే. ఎక్కువ భాగం 1849లో యూజీన్ బోర్డన్ పేటెంట్ చేసిన పద్ధతివి. చదునుగా నొక్కిన గొట్టాన్ని కొడవలిలా వంచుతారు. లోపల ఒత్తిడి ఎక్కితే అది, పిల్లలు ఊదే చుట్టు బూరలాగా, విచ్చుకోవాలని చూస్తుంది. ఆ చిన్న కదలికనే పళ్ల చక్రాలు పెద్దది చేసి ముల్లుకి అందిస్తాయి.

డయల్‌ని భూతద్దంతో చదవండి

టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. నేరుగా వేస్తే గాజు మెరుపు తప్ప ఏమీ కనబడదు. చిన్న అక్షరాల్లోనే అసలు సమాచారం ఉంటుంది.

నాకు బాగా ఇష్టమైన ఆధారం చిరునామా. లండన్ పోస్టల్ జిల్లాలకు 'ఇ.సి.', 'డబ్ల్యు.సి.' లాంటి అక్షరాలు 1850ల చివర్లో వచ్చాయి. వాటి పక్కన అంకెలు చేరింది 1917లో. డయల్ మీద 'లండన్ ఇ.సి.1' అని ఉంటే అది 1917కి ముందుది కాదు. అంకె లేకపోతే మాత్రం ముందుదే అని తీర్మానించకండి, పాత అలవాటు కొద్దీ అలాగే రాసినవాళ్లూ ఉంటారు.

బ్రిటిష్ వస్తువు మీద 'ఆర్‌డి. నంబర్' అని ఉంటే అది డిజైన్ రిజిస్ట్రేషన్, ఆ వరుస 1884లో ఒకటితో మొదలైంది. జర్మన్ వాటి మీద 'డి.ఆర్.పి.' (జర్మన్ పేటెంట్ గుర్తు) ఉంటే 1877 తర్వాత, 'డి.ఆర్.జి.ఎం.' (చిన్న ఆవిష్కరణల రిజిస్ట్రేషన్ గుర్తు) ఉంటే 1891 తర్వాత. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే చెప్పేదేముంది, 1949 తర్వాతిదే. అమెరికాకి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు వేయాలనే నియమం 1891 నుంచి అమలైంది.

కొలతలు కూడా చూడండి. గాలి ఒత్తిడిని పాదరసం ఎత్తు అంగుళాల్లో చెప్పే బ్రిటన్ వాతావరణ శాఖ, మిల్లీబార్లనే కొలతకు మారింది 1914లో. అంగుళాల పక్కనే మిల్లీబార్లూ ఉన్న ఇంగ్లిష్ డయల్ సాధారణంగా ఆ తర్వాతిదే. మిల్లీబార్‌కే ఇంకో పేరైన 'హెక్టోపాస్కల్' కనబడితే మీ చేతిలో ఉన్నది కొత్తదే, 1980లలో గానీ ఆ పేరు స్థిరపడలేదు.

రెండు చోట్ల చాలామంది బోల్తా పడతారు. ఒకటి, పేటెంట్ తేదీ. తయారీదార్లు అదే తేదీని దశాబ్దాల పాటు అచ్చువేస్తూ పోయేవాళ్లు, కాబట్టి అది 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెబుతుంది. రెండోది, పేరు. బారోమీటర్ డయల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చాలాసార్లు తయారుచేసినవాడిది కాదు, అమ్మిన కళ్లద్దాల షాపువాడిది.

తర్వాత ఒంటిని చూడండి

చల్లగా, నీలిఛాయలో మెరిస్తే క్రోమ్ పూత. కొంచెం పసుపు కలిసిన వెచ్చని మెరుపు అయితే నికెల్. క్రోమ్ పూత మార్కెట్లోకి వచ్చింది 1920ల మధ్యలో. బేకలైట్ (తొలితరం గట్టి ప్లాస్టిక్) డబ్బా అయితే 1907 తర్వాత. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల నుంచి వచ్చిన సరుకు.

అయితే ఒక్కో ఆధారం అది ఉన్న ముక్క వయసే చెబుతుంది, వస్తువు మొత్తానిది కాదు. నేనొక రైలింజన్ గేజ్ కొన్నాను. విక్టోరియా రాణి కాలానిదని చెప్పి ఇచ్చారు. డయల్ మీద 'ఎల్.ఎన్.ఇ.ఆర్.' అని ఉంది, అంటే లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే. ఆ రైల్వే కంపెనీ పుట్టింది 1923లో, జాతీయమై పోయింది 1948 మొదట్లో. రాణి పోయింది 1901లో! అక్కడికి వయసు తేలిపోయింది. కానీ అంచు చుట్టూ క్రోమ్ రింగు ఉంది, దాంతో 1925 తర్వాత అని రాసుకున్నాను. వారం తర్వాత రింగు విప్పితే, వెనకాల పాత స్క్రూ కన్నాలు ఇంకో మూడు, సీసంతో పూడ్చి ఉన్నాయి. రింగు తర్వాత ఎవరో మార్చిందన్నమాట. రాసుకున్న 1925ని కొట్టేసి మళ్లీ 1923 చేశాను.

పని చేస్తోందా?

అనెరాయిడ్ గాజుని వేలితో మెల్లగా తట్టండి, ముల్లు ఒక వెంట్రుకవాసి కదలాలి. తర్వాత గాలి పోని జిప్ కవర్లో పెట్టి, కొంచెం గాలి ఉంచి మూసి, కవర్ని నొక్కండి. ముల్లు పైకి ఎక్కితే లోపలి డబ్బీ బతికే ఉంది.

ప్రెషర్ గేజ్‌ని మాత్రం అసలు బాయిలర్‌కో కంప్రెసర్‌కో తగిలించి చూడకండి. అలసిపోయిన పాత గొట్టం ఎప్పుడు పగులుతుందో తెలియదు. డయల్ మీద 'యూజ్ నో ఆయిల్' (నూనె వాడొద్దు) అని ఉంటే అది ఆక్సిజన్ గేజ్. దానికి నూనె చుక్క తగిలి, మళ్లీ ఆక్సిజన్‌కి బిగిస్తే మంట అంటుకుంటుంది.

తుడవడం, దాచడం

వెండిపూత డయల్‌ని ఇత్తడి పాలిష్‌తో రుద్దకండి. నేను రుద్దాను. రెండు నిమిషాల్లో తెల్లటి మొహం కాస్తా పసుపు మచ్చలతో మిగిలింది, గుడ్డకి మాత్రం వెండి అంటుకుంది. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

కర్రలా నిలువుగా ఉండే పాదరసపు బారోమీటర్‌ని కదపాలంటే నెమ్మదిగా వంచండి. పాదరసం గొట్టం చివర తగిలి 'టక్'మని లోహపు చప్పుడు రావాలి. మెత్తగా, చప్పుడు లేకుండా తగిలితే పైన గాలి చేరిందని అర్థం. ఎక్కడైనా ఒలికితే చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు. కిటికీలు తెరిచి, చేతి ఉంగరాలు తీసేసి (పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది), గట్టి అట్టముక్కతో పూసల్ని దగ్గరికి చేర్చి మూత ఉన్న సీసాలో వేయండి.

విమానాల, ఓడల గేజ్‌ల మీద అంకెలు లేత గోధుమరంగు పెయింట్‌తో ఉబ్బెత్తుగా ఉంటే అది రేడియం కావచ్చు. చీకట్లో వెలగడం లేదు కదా అని గాజు విప్పకండి. పోయింది మెరిసే రసాయనం, రేడియం కాదు. దాని సగం ఆయుష్షే 1600 ఏళ్లు.

చివరగా ఒక చీటీ రాసి వెనక కట్టండి. ఏ ఆధారం ఏ ముక్క మీద ఉంది, దాన్నిబట్టి ఏ సంవత్సరం, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారు, అన్నీ పెన్సిల్‌తో. పెన్ను వద్దు, మళ్లీ కొట్టేయాల్సి వస్తుంది.