రామప్ప గుడిలో ఫొటోలు తీయడం ఎలా నేర్చుకోవాలి?

ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పే చోటు ఒకటే, రామప్ప గుడి. ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, హనుమకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక వచ్చే జనం పెరిగారు, వాళ్లు తీసే ఫొటోలూ పెరిగాయి. చాలావాటిలో తప్పు ఒకటే. మదనికలు, అంటే చూరు కింద నిలబెట్టిన ఆడ శిల్పాలు, బూడిద పూసినట్టు వెలిసిపోయి ఉంటాయి, లేదంటే ముక్కూ మొహం తెలియనంత మసిగా ఉంటాయి. ఆ పనితనం అలా పాడవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సామాను గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఫోన్ చాలు. కెమెరా ఉంటే 50 ఎంఎం లెన్స్ ఒక్కటే పట్టుకెళ్లండి, జూమ్ వద్దు. జూమ్ చేతిలో ఉంటే కాలు కదలదు, కాలు కదలకపోతే ఫొటో రాదు. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ట్రైపాడ్ వాడనివ్వరు కాబట్టి అది ఇంట్లోనే ఉంచండి. సాక్సులు మాత్రం మర్చిపోకండి. చెప్పులు విప్పి తిరగాలి, ఎండ ముదిరాక జగతి (గుడి నిలబడిన ఎత్తైన అరుగు) రాయి కాళ్లు కాలుస్తుంది.

పొద్దున్న ఏడు గంటలకల్లా అక్కడ ఉండాలి. ముందు కెమెరా బయటికి తీయకుండా ఒక ప్రదక్షిణ చేయండి. గోడ అడుగున ఏనుగుల వరుస కనిపిస్తుంది. ఎండ పక్కనుంచి తగులుతున్న ఏనుగుని ఒకటి, నీడలో ఉన్నదాన్ని ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో తొండం మడత, మెడలో గంట విడివిడిగా లేచి కనిపిస్తాయి. రెండోదాంట్లో అంతా చదునుగా ఉంటుంది. రాతిని తీయాలంటే పక్క వెలుతురు కావాలని అక్కడే అర్థమైపోతుంది.

ఇక అసలు కష్టం మదనికల దగ్గర. దీనికి తొందరపడొద్దు.

గుడి ఎక్కువ భాగం ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలబడిన మదనికలు, నాగిని మాత్రం నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి. కెమెరాకి నలుపంటే తెలియదు. ఎదురుగా ఏమున్నా అది నడిమి బూడిద రంగే అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. ఫ్రేమ్ నిండా నల్లరాయి ఉంటే 'ఇక్కడ చీకటిగా ఉంది' అనుకుని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, బొమ్మ బూడిదగా వస్తుంది. అదే వెనకాల తెల్లటి ఆకాశం పడితే 'వెలుతురు ఎక్కువైంది' అని తగ్గించేస్తుంది, బొమ్మ మసైపోతుంది. పైన చెప్పిన రెండు రకాల ఫొటోలూ ఇలా వచ్చినవే.

అందుకే ముందు మీరు నిలబడే చోటు మార్చుకోండి. బొమ్మని పక్కనుంచి చూస్తే వెనక ఆకాశం వస్తుంది. ఎదురుగా వచ్చి కాస్త దగ్గరగా నిలబడితే చూరు కింది నీడ వెనక్కి వస్తుంది. నీడే కావాలి. ఇప్పుడు మోకాలు, భుజం చూడండి. అక్కడ తెల్లటి మెరుపు కనిపిస్తుంటే అది రాతి రంగు కాదు, నున్నటి రాతిలో ఆకాశం ప్రతిబింబిస్తోంది. ఒక అడుగు ఎడమకో కుడికో జరగండి, మెరుపు పోతుంది. ఈ ఒక్క అడుగు వేయకుండా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత తిప్పలు పడ్డా లాభం లేదు.

తర్వాత వెలుతురు లెక్క. కెమెరాలో స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్‌లో ఒక్క చోటే వెలుతురు కొలిచే పద్ధతి) పెట్టి, మెరుపు లేని నడుము భాగం మీద కొలవండి. అక్కడినుంచి ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. ఫోన్ అయితే నడుము మీద వేలు నొక్కి పట్టుకోండి, లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి జరపండి. స్క్రీన్ మీద నల్లరాయి మీ కంటికి కనిపించినంత నల్లగా వచ్చేదాకా జరపాలి, అంతకు మించి వద్దు. హెచ్‌డీఆర్ (చీకటి, వెలుతురు భాగాల్ని కలిపి సరిచేసే సదుపాయం) ఆపేయండి. అది నీడలన్నీ తెల్లబరిచి బొమ్మని ప్లాస్టిక్ చేస్తుంది. చూరు కింద వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 125వ వంతు (1/125) కన్నా నెమ్మది కాకుండా ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని గ్రహించే శక్తి) పెంచుకోండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలి నొక్కండి. స్తంభాలకి ఆనుకోకండి, ఎనిమిది వందల ఏళ్ల రాయి అది.

వేళ కూడా ముఖ్యం. తూర్పు వాకిలి మదనికలకి పొద్దుటి వాలు ఎండే సరైంది. తొమ్మిది, పది మధ్య ఇంకొక వెలుతురు వస్తుంది. జగతి మీద పడిన ఎండ పైకి కొట్టి, కింది నుంచి మెత్తగా బొమ్మల మొహాల మీదికి వస్తుంది, ఇసుకరాయి ఎర్రదనంతో సహా. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వెలుతురు అదే. దక్షిణ వాకిలికి డిసెంబరులో వెళ్లండి. ఆ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు అక్కడ 48 డిగ్రీల ఎత్తులోనే, దక్షిణం వైపు ఉంటాడు. మే నెలలో నడినెత్తికి వస్తాడు, చూరు నీడ అన్నిటినీ కప్పేస్తుంది.

ఒకసారి ఒక కుర్రాడు ఖరీదైన కెమెరాతో రెండు గంటల్లో గుడి మొత్తం చుట్టేసి, ఫొటోలు చూపించాడు. ఒక్క మదనికా సరిగ్గా లేదు. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనిక దగ్గర నిలబెట్టి, పైన చెప్పినట్టే చేయించాను. ఇరవయ్యో ఫొటోలో చెప్పు పట్టీ, దాని కింద సన్నటి నీడ గీత కనిపించాయి. ఆ తర్వాత గంటసేపు అతను అక్కడినుంచి కదల్లేదు. నేర్చుకోవడమంటే అదే. ఒక్క రోజులో హంపి అంతా, ఇంకో రోజులో బాదామి అంతా తిరిగి తీసే టూర్‌లలో ఇది రాదు. ఒక బొమ్మ దగ్గరే ఒక పూట గడపాలి.

లోపల గర్భగుడి వైపు కెమెరా ఎత్తకండి, ఫ్లాష్ ఎక్కడా వేయకండి. సాయంత్రం పడమటి వైపుకి వెళ్తే వాలు ఎండ విమానం (గర్భగుడి మీది శిఖరం) మీద పడుతుంది. అది నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టినది. అక్కడ ఎక్స్‌పోజర్ తగ్గించే పని లేదు, కెమెరా చెప్పిన లెక్కకే వదిలేయండి.